ఆసరాని ముందు పడగొట్టాలి

నేను ఒక పుస్తకాన్నే గానీ నన్నెవరూ పుస్తకం అనరు. ముప్పై రెండు పేజీలు, నడుముకు రెండు పిన్నులు, అట్ట మీద రంగురంగుల ముసుగుల్లో ముగ్గురు వీరులు. ‘నగరకవచం’ అనే కార్డుల ఆట పెట్టెలో అన్నిటికన్నా అడుగున పడుకుని ఉంటాను. పెట్టె తెరవగానే మనుషులు ముందు కార్డులు తీస్తారు. బొమ్మలు చూసి మురిసిపోతారు. నన్ను తీసి పక్కన పడేస్తారు. గంట గడిచాక గొడవ మొదలవుతుంది. అప్పుడు మాత్రం అందరికీ నేనే కావాలి. నేను రూల్స్ పుస్తకాన్ని.

శివకాశిలో ఒక మధ్యాహ్నం నాలాంటివాళ్లం రెండు వేలమందిమి ఒకేసారి పుట్టాం. మమ్మల్ని రాసినాయనకి ‘వెంటనే’ అనే మాటంటే మహా ఇష్టం. పద్నాలుగు చోట్ల వాడాడు, కనీసం నాలుగు అర్థాల్లో. ఒకచోట ‘వెంటనే’ అంటే ఈ క్షణం. ఇంకోచోట చేతిలో పని అయిపోయాక. మరోచోట ఏమిటో ఆయనకే తెలియాలి. పాపం, మంచివాడే. రాసిన మాటను అందరూ ఒకే రకంగా అర్థం చేసుకుంటారని నమ్మేంత మంచివాడు.

ఆట సంగతి చెబుతాను. ముగ్గురు ఆటగాళ్లు, ముగ్గురు వీరులు. పిడుగు కొడతాడు. కంచుకోట కాపు కాస్తాడు. ఆసరా అనే ఆవిడ మిగతా ఇద్దరికీ సాయం చేస్తుంది. ఎదురుగా నగరాన్ని మింగడానికి వచ్చిన యంత్రభూతం. వాణ్ణి ఆడించడానికి మనిషి అక్కర్లేదు, వాడి కార్డుల కట్టే వాణ్ణి ఆడిస్తుంది. గెలిస్తే ముగ్గురూ గెలుస్తారు, ఓడితే ముగ్గురూ ఓడతారు. ‘ఈ ఆటలో ఆటగాళ్ల మధ్య పోటీ లేదు’ అని నా మూడో పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంది. అచ్చయినదల్లా నిజం కాదని కాకినాడ వెళ్లాక తెలుసుకున్నాను.

కాకినాడలో నన్ను కొన్నది ధనుంజయరావుగారు. ఒక పాలిటెక్నిక్ కాలేజీలో సివిల్ లెక్చరరు. యాభై రెండేళ్లు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు. ఆయన నన్ను చదివాడు. తెలుసుకోవడానికి కాదు, ఎదుటివాళ్ల నోరు మూయించడానికి. తనకి పనికొచ్చే వాక్యాల కింద గీతలు గీశాడు. నేను ఎక్కడైనా తేల్చి చెప్పకుండా వదిలేస్తే ఆ ఖాళీలో తన తీర్పు రాశాడు. పదకొండో పేజీలో ఒక పెద్ద ఖాళీ దొరికింది ఆయనకి. ‘దెబ్బను పెంచే కార్డు, తగ్గించే కార్డు రెండూ బల్ల మీద ఉంటే రెండూ వర్తిస్తాయి’ అని నాలో ఉంది. ఏది ముందో లేదు. రావుగారు పక్కనే రాశాడు: ‘ముందు పెంచాలి.’ కింద సంతకం కూడా పెట్టాడు.

శనివారం మధ్యాహ్నాలు కెమిస్ట్రీ ల్యాబులో ఆట. అక్కడి బల్లలు వెడల్పుగా ఉంటాయి, ఫ్యాను తిరుగుతుంది. రావుగారి చేతిలో పిడుగు. కంచుకోట చేతబట్టింది యేసుపాదం, ఆ కాలేజీ ఆటల మాస్టారు. ఆరడుగుల మనిషి, మాటలు తక్కువ. ఆసరా కోసం మొదట ఎలక్ట్రికల్ లెక్చరరు ఒకాయన వచ్చాడు. రెండు వారాలు రావుగారి సూచనలు విని మూడో వారం నడుం నొప్పి అన్నాడు. అప్పుడు సింకు దగ్గర గాజు గొట్టాలు కడుగుతున్న నూకరత్నం మీద రావుగారి చూపు పడింది.

“రామ్మా, ఇలా కూర్చో. ఏం కష్టం లేదు. నేను చెప్పిన కార్డు వెయ్యి, చాలు.”

నూకరత్నం ఆ ల్యాబు అటెండరు. నలభై ఆరేళ్లు. భర్త అదే కాలేజీలో పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. అడిగి ఇచ్చింది కాదు, అడిగి తీసుకున్నదీ కాదు. పెళ్లీ, ఇల్లూ, ఉద్యోగం అన్నీ ఆమెకి అలాగే జరిగాయి. చేతులు చీరకొంగుకి తుడుచుకుని వచ్చి కూర్చుంది.

“చూడమ్మా, ఇదీ వ్యూహం,” అన్నాడు రావుగారు. “పేజీ పందొమ్మిది. పడిపోయిన వీరుడు ఆట విడిచిపోడు. తన వంతు వచ్చినప్పుడల్లా మూడు సాయాల్లో ఒకటి చేస్తాడు. ఒకరికి ఒక ప్రాణం ఇవ్వచ్చు, ఒకరికి ఒక కార్డు ఇవ్వచ్చు, లేదా భూతం తర్వాతి కార్డు తిప్పి చూడచ్చు. అంటే ఆసరా పడిపోయినా సాయం ఆగదు. పైగా భూతం కొట్టే దెబ్బలు కొన్ని ఆవిడ తినేస్తుంది, మాకు కలిసొస్తుంది. అందుకని ఆసరాని మూడో వంతులోగా పడగొట్టించేయాలి.”

“పడిపోతే నేనేం చెయ్యాలండి?”

“అక్కడే కూర్చుని మాకు సాయం చెయ్యి.”

యేసుపాదం ఏదో అనబోయి కార్డులు సర్దుకున్నాడు.

అలా పదకొండు శనివారాలు నూకరత్నం పడిపోయింది. మొదటి పావుగంటలో ఆమె కార్డు బోర్లా పడేది. మిగతా గంటన్నర ప్రాణం అడిగితే ప్రాణం, కార్డు అడిగితే కార్డు ఇస్తూ కూర్చునేది. పదకొండిట్లో నాలుగు గెలిచారు. గెలిచిన నాలుగూ రావుగారి వ్యూహం గెలిచింది. ఓడిన ఏడూ యేసుపాదం తప్పు కార్డు వేశాడు. నగరాన్ని కాపాడే వీరుల్లో ఇంత కచ్చితమైన పని విభజన నేను ఎక్కడా చూడలేదు.

పెట్టె ఉండేది ల్యాబు బీరువాలో. తాళంచెవి నూకరత్నం దగ్గర. ఒక మంగళవారం ప్రాక్టికల్స్ అయిపోయాక ఆమె బీరువా తెరిచింది. సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని నన్ను తీసింది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని, మెల్లగా. నన్ను మొదటి పేజీ నుంచి చదివిన మొదటి మనిషి ఆమే. నాలుగు రోజులు చదివింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ నాలుగు రోజులూ నేను పుస్తకాన్నే.

ఆమె రెండు విషయాలు పట్టుకుంది. ఆసరా కట్టలో ‘అభయం’ అని ఒక కార్డుంది. ఆసరా నిలబడి ఉన్నంతసేపూ మిగిలిన వీరులకి తగిలే ప్రతి దెబ్బలో రెండు తగ్గిస్తుంది. పదకొండు వారాల్లో ఆ కార్డు ఒక్కసారీ బల్ల మీదికి రాలేదు. వచ్చేలోపే ఆమె పడిపోయేది. రెండోది పదకొండో పేజీ. భూతం దగ్గర ఇనపచీమలని ఒక సైన్యం ఉంది. ఒక్కో చీమ దెబ్బ రెండు. భూతం ‘కొలిమి’ కార్డు వేస్తే ఆ దెబ్బ రెట్టింపవుతుంది.

శనివారం కూర్చోగానే అడిగింది. “సార్, చీమ దెబ్బ రెండండి. అభయం రెండు తగ్గిస్తే సున్నా. ఆ తర్వాత కొలిమి రెట్టింపు చేస్తే సున్నాకి రెట్టింపు సున్నానే కదండి?”

“ముందు పెంచాలమ్మా. రెండు రెట్టింపైతే నాలుగు. అందులో రెండు తీసేస్తే రెండు. అభయం వల్ల పెద్ద లాభం లేదు. అక్కడ రాసుంది చూడు.”

“అది మీరు రాసిందండి.”

యేసుపాదం దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

“ఎవరు రాస్తేనేం, లాజిక్కు లాజిక్కే,” అన్నాడు రావుగారు. “ఏది ముందైతే ఏముంది అనుకుంటున్నావేమో...”

“అలా ఎలా అనుకుంటానండి? ఇరవై ఏళ్లుగా ఈ ల్యాబులో ఉన్నాను. నీళ్లలో ఆసిడ్ పోస్తే పర్లేదు, ఆసిడ్‌లో నీళ్లు పోస్తే మొహం మీదికొస్తది. ఏది ముందో తెలీకపోతే అడగాలి కదండి.”

“ఎవర్నడుగుతావు?”

ఆమె నా ఆఖరి పేజీ తిప్పి కంపెనీ చిరునామా చూపించింది. రావుగారు నవ్వాడు. ఆ సోమవారమే ఆమె ఉత్తరం రాసి పోస్టులో వేసింది. మూడు వారాలకి జవాబొచ్చింది. కంపెనీ కాగితం మీద రెండే వాక్యాలు: ‘ముందు తగ్గించాలి, తరువాతే పెంచాలి. ఇది పుస్తకంలో రాయకపోవడం మా పొరపాటు.’ ఆమె దాన్ని మడిచి నా మధ్య పెట్టింది. రావుగారికి చూపిస్తే చదివి, తిరిగి అదే మడతలో మడిచి ఇచ్చాడు.

“ఉత్తరం రూల్స్ పుస్తకం కాదమ్మా.”

మనుషులు నా మీద పెట్టుకున్న గౌరవం ఎంత గొప్పదంటే, నన్ను రాసినవాడు చెప్పినా ఒప్పుకోరు.

అదే నెలలో విశాఖపట్నంలో పోటీ జరుగుతుందని తెలిసింది. ఇరవై బల్లలు, ప్రతి బల్లకీ ముగ్గురు, అందరికీ ఒకే యంత్రభూతం. వాణ్ణి ఓడించిన జట్లలో ముందు ముగించినవాళ్లు కొత్త వీరుడొకణ్ణి ఊహించి చెప్పవచ్చు, ఆ వీరుడి కార్డు అచ్చవుతుంది. రావుగారు ఆ వార్త కాలేజీ నోటీసు బోర్డులో పెట్టించాడు. గెలిస్తే ఆ కార్డు మీద వీరుడి మొహం ఎవరిదై ఉండాలో కూడా ఆయనకి ముందే తెలుసని నా అనుమానం. ఆ వారం రెండుసార్లు మీసం కత్తిరించుకున్నాడు.

నూకరత్నం సెలవు పెట్టింది. జ్వరం వచ్చినప్పుడు తప్ప సెలవు పెట్టని మనిషి. పొద్దున్నే రైలెక్కారు. నేను యేసుపాదం సంచిలో, పులిహోర డబ్బా పక్కన.

హాల్లో ఆట మొదలైంది. బల్లకొక పర్యవేక్షకురాలు. మా బల్లకి వచ్చినమ్మాయి మెడలో బ్యాడ్జీ, చేతిలో నాలాంటి పుస్తకమే, గీతల్లేనిది. రెండో వంతులో భూతం చీమల్ని దింపింది. రావుగారు మామూలుగానే అన్నాడు:

“నూకరత్నం, ఇప్పుడు నువ్వు ముందుకొచ్చి దెబ్బలన్నీ తీసుకో. తర్వాతి వంతుకి పడిపోతావు.”

నూకరత్నం తన చేతిలోని కార్డులు చూసుకుంది.

“నేను పడనండి.”

“ఏంటీ?”

“అభయం వచ్చింది సార్. వేస్తున్నాను.” వేసింది.

రావుగారు చెయ్యి చాచాడు, ఆ కార్డు తీసి ఆమె చేతిలో పెట్టేయడానికి. యేసుపాదం చెయ్యి ఆ చేతి మీద పడింది. పెద్ద చెయ్యి.

“మాస్టారూ. ఆవిడ ముక్క ఆవిడదండి.”

రావుగారు పర్యవేక్షకురాలిని పిలిచాడు. దెబ్బ ముందు పెంచాలా తగ్గించాలా అని అడిగాడు. ఆయన గొంతులో ఎంత నమ్మకమంటే నాకే సందేహం వచ్చింది. నూకరత్నం నాలోంచి ఉత్తరం తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి చదివింది.

“ఆవిడ చెప్పిందే కరెక్టండి. ఈ ప్రశ్న అడిగింది మీరేనా మేడమ్? మాకు మీటింగులో చదివి వినిపించారు.”

మేడమ్ అన్నారు ఆమెని. నూకరత్నం వెనక్కి తిరిగి చూసింది, ఎవరినా అని.

అక్కణ్ణుంచి చీమలు కుట్టినా మిగతా ఇద్దరికీ చలనం లేదు. అభయం ఆసరాకి వర్తించదు గనక ఆమె ఒక్కతే దెబ్బలు తింటోంది. అయినా కంచుకోట అడ్డు నిలుస్తున్నాడు, ఆట నిలకడగా సాగుతోంది. ఈ వ్యూహం పనిచేస్తోందని రావుగారికి కనిపించింది. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. పిడుగుకి ఒక శక్తి ఉంది. సొంత ప్రాణాలు మూడు వదులుకుని ఆరు దెబ్బ కొట్టవచ్చు. దాన్ని వరసగా వాడడం మొదలుపెట్టాడు.

“కాస్త ఆగండి మాస్టారూ,” అన్నాడు యేసుపాదం.

“నేను ఒక్కణ్ణే ముగించేస్తాను. చూస్తూ ఉండండి.”

మూడోసారి వాడినప్పుడు, అభయం ఉంది గనక తనకి పోయే మూడు ప్రాణాల్లో రెండు తగ్గించాలన్నాడు. పర్యవేక్షకురాలు నా పన్నెండో పేజీ చూపించింది: ‘ఆటగాడు తానే వదులుకున్న ప్రాణం దెబ్బ కిందికి రాదు.’ దాని కింద గీత లేదు. ఆ వాక్యాన్ని ఆయన అప్పుడే మొదటిసారి చదివాడు. పిడుగు కార్డు బోర్లా పడింది. పడగొట్టింది భూతం కాదు.

“ఇప్పుడు నేనేం చెయ్యాలి?” అన్నాడు రావుగారు. ఆయన ఎప్పుడూ ముందుగా పడిపోలేదు మరి.

“మూడిట్లో ఒకటి ఎంచుకోవాలండి,” అంది నూకరత్నం. ఎగతాళి లేదు ఆమె గొంతులో. ఇన్ని వారాలూ తను చేసిన పని చెప్పింది, అంతే.

అరగంట తర్వాత పరిస్థితి ఇలా ఉంది. భూతానికి మిగిలినవి ఐదు ప్రాణాలు. యేసుపాదం చేతిలో సరిగ్గా ఐదు దెబ్బ కొట్టే కార్డుంది గానీ ఆ వంతు ఆయన ఆడేశాడు, తర్వాతి వంతు దాకా ఆగాలి. మధ్యలో మిగిలిన ఒక్క చీమ ఆసరాని కుడుతుంది, కొలిమి వల్ల నాలుగు దెబ్బ. ఆసరాకి ఉన్నవి నాలుగే ప్రాణాలు. ఆమె పడితే అభయం పోతుంది. చీమ ఆసరాతో ఆగదు, వరసలో కంచుకోటనీ కుడుతుంది. అభయం పోతే అతనికీ నాలుగు దెబ్బే, ఉన్నవి మూడే. చీమ కదిలేలోపు మిగిలింది రావుగారి వంతు ఒక్కటే.

“సార్,” అంది నూకరత్నం. “ఒక్క ప్రాణం ఇవ్వండి. నిలబడతాను. వచ్చే వంతులో ఈయన ముగించేస్తారు.”

రావుగారు బల్ల చూశాడు. లెక్క రానివాడు కాదు. పక్క బల్లల వాళ్లు కూడా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

“ఇది నువ్వు చెప్పడమా, అడగడమా?”

“అడుగుతున్నానండి.”

“అయితే నిర్ణయం నాది.” నన్ను దగ్గరికి లాక్కుని పందొమ్మిదో పేజీ తెరిచాడు, సాక్షిని నిలబెట్టినట్టు. “నేను యేసుపాదానికి ఒక కార్డు ఇస్తున్నాను.”

యేసుపాదానికి కార్డు అక్కర్లేదు. ఆ సంగతి బల్ల దగ్గరున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, నాతో సహా. చీమ కుట్టింది. ఆసరా పడింది. కంచుకోట పడ్డాడు. యంత్రభూతం అనే మనిషి లేని కార్డుల కట్ట ఏమీ అనుకోకుండా గెలిచింది. దాని మీద నాకు కోపం లేదు. ఆ బల్ల మీద పగ లేకుండా ఆడింది అదొక్కటే.

తిరుగు రైలు తుని దాటింది. అప్పుడు యేసుపాదం అన్నాడు.

“మాస్టారూ, ఆ ఒక్క ప్రాణం ఎందుకివ్వలేదండి?”

“రూల్ ప్రకారం నా ఇష్టం.”

“రూల్ ప్రకారం కరెక్టే,” అని కిటికీ వైపు తిరిగాడు యేసుపాదం.

నూకరత్నం పులిహోర పంచింది. రావుగారికి కూడా పెట్టింది. ఆయన తిన్నాడు. దిగేటప్పుడు ఆమె అంది: “శనివారం ల్యాబు తీసే ఉంటదండి. రావాలనిపిస్తే రండి.”

రావుగారు రాలేదు. సోమవారం పెట్టె ఇంటికి తీసుకుపోయాడు. ఆమె మాట వినకపోవడం వల్ల పోటీ పోయిందని స్టాఫ్ రూములో చెప్పాడు. ఎవరి మాట ఎవరు వినలేదో విన్నవాళ్లకి తెలియదు గనక అందరూ అయ్యో అన్నారు.

కొన్నాళ్లకి కంపెనీ నూకరత్నానికి కొత్త పెట్టె పంపింది. కొత్త పుస్తకంలో ఆ ఖాళీ పూరించారట. ఆఖరి పేజీలో కృతజ్ఞతల కింద ఆమె పేరు చిన్న అక్షరాల్లో వేశారట. శనివారాలు మళ్లీ మొదలయ్యాయి. యేసుపాదం, లైబ్రరీలో పనిచేసే ఫరీదా, ఇంకెవరెవరో వస్తున్నారట. ఇదంతా రావుగారు ఫోనులో ఎవరితోనో చెబుతుంటే విన్నాను. కొత్తది వచ్చాక నేను పనికిరాని కాగితాన్ని. అయినా రావుగారు నన్ను పారేయలేదు. కొత్త పుస్తకంలో ఆయన ఓడిపోయాడు. నాలో ఇంకా వాదించవచ్చు.

ఇంట్లో భోజనాల బల్ల మీద ఒక్కడే మూడు చేతులూ వేసుకుని ఆడుకుంటాడు. పిడుగు తనే, కంచుకోట తనే, ఆసరా తనే. మూడో వంతులోగా ఆసరాని పడగొడతాడు. ఓడిపోతాడు. ఈసారి యేసుపాదం లేడు గనక తప్పు కార్డుల ముద్రణదంటాడు. “ఎవరితో ఆ మాటలు?” అని భార్య వంటింట్లోంచి అడుగుతుంది. “ఎవరూ లేరు,” అంటాడు.

పోయిన ఆదివారం ఆసరా పడాల్సిన వంతు వచ్చింది. కార్డు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పడగొట్టలేదు. అభయం వేశాడు. చీమల దెబ్బ ముందు తగ్గించాడు, తర్వాత పెంచాడు. గంట తర్వాత యంత్రభూతం కూలింది. రావుగారు “ఆఁ!” అని గట్టిగా అరిచి పక్కకి తిరిగాడు, చెప్పడానికి. పక్కన రెండు ఖాళీ కుర్చీలున్నాయి.

శనివారం నన్ను సంచిలో పెట్టుకుని కాలేజీకి వెళ్లాడు. ల్యాబు వరండాలో కిటికీ పక్కన ఆగాడు, లోపలికి వెళ్లలేదు. లోపల ఆట చివరికొచ్చింది. ఫరీదా తప్పు కార్డు వేసింది, నగరం మునిగిపోయింది. ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. “అయ్యో నా తల్లీ, మొత్తం ఊరిని ముంచేశావు!” అని నూకరత్నం బల్ల మీద చరిచి మరీ నవ్వుతోంది. ఫరీదా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. యేసుపాదం అంత నవ్వగలడని నాకూ తెలియదు.

రావుగారు నన్ను బయటికి తీశాడు. ఓడిపోయినవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి అర్థం కాలేదు. అలవాటు కొద్దీ నాలో వెతికాడు. ఒక్కో పేజీ తిప్పాడు, ముప్పై రెండూ తిప్పాడు. నేను చెప్పగలిగితే చెప్పేదాన్ని. అది నాలో లేదు.